పఠనము – ధారణము : ఆంగ్లభాషా పరీక్షాభ్యాసముపై ఒక పరిశీలనము

తెరపై ఒక చిన్న గద్యఖండము కన్పట్టును. చదువుకొనుటకు 30 సెకండ్ల వ్యవధి యుండును. గడువు తీరగానే అక్షరములన్నియు మాయమగును. పిమ్మట 90 సెకండ్లలోపల, చదివిన విషయమును పరీక్షార్థి తన మాటలలో మరల వ్రాయవలెను. వెర్సాంట్ అను ఆంగ్ల లేఖన పరీక్షలో 'పాసేజ్ రీకన్‌స్ట్రక్షన్' అను భాగపు స్వరూప మిది. బెంగుళూరు, చెన్నై, పుణె, హైదరాబాదు నగరములలో ఉద్యోగములకై ప్రయత్నించు తెలుగు యువకులు పలువురు ఈ జాతి పరీక్షలకు కూర్చుండుచున్నారు. విదేశ విద్యకును, వలసకును పోవువారు వ్రాయు పీటీఈ అకడమిక్ పరీక్ష 2009లో ఆరంభమైనది. దానియందును ఇట్టి గుణముగల అంశములు కొన్ని కలవు. 3 మొదలు 9 సెకండ్ల నిడివిగల వాక్యమును ఒక్కసారి విని యథాతథముగా పలుకుట ఒకటి. ఒక్కసారి విన్న వాక్యమును తప్పు లేకుండ వ్రాయుట మరియొకటి. 90 సెకండ్ల వరకు సాగు ఉపన్యాస భాగమును విని, 10 సెకండ్లు ఆలోచించుకొని, 40 సెకండ్లలో దాని సారమును చెప్పుట ఇంకొకటి. 1964 నుండి నడచుచున్న టోఫెల్ పరీక్ష సైతము 2026 జనవరిలో రూపు మార్చుకొని, విని పలుకు అంశము నొకదానిని చేర్చుకొన్నది. చదువుట, వినుట, నిలుపుకొనుట, తిరిగి యిచ్చుట – ఈ నాలుగును నేటి పరీక్షలలో విడదీయరానివైనవి.

ఈ యంశములను గూర్చి మన యిండ్లలో రెండభిప్రాయములు వినవచ్చుచున్నవి. ఇది యంతయు పూర్వపు వల్లెవేతయే, యంత్రము ముందు కూర్చుండి చేయుటయే క్రొత్తదనము అనునది మొదటిది. అవధానవిద్య తెలుగువారి సొత్తు, ధారణలో మనకు సాటి యెవరు, గట్టిగా కంఠస్థము చేసిన చాలును అనునది రెండవది. మొదటివారు పరీక్షను తక్కువగాను, రెండవవారు కంఠపాఠమును ఎక్కువగాను అంచనా వేయుచున్నారు. ధారణ యనునది యెల్లెడల ఒకే విధమైనదని తలచుటయే ఇరువురి పొరపాటునకును మూలము.

మానవుని తాత్కాలిక స్మృతి మిక్కిలి ఇరుకైనది. 1956లో జార్జి మిల్లర్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు, ఒక్కసారి విని నిలుపుకొనగల విడి వస్తువులు ఏడింటికి రెండు అటునిటు మాత్రమే యని సుప్రసిద్ధమైన వ్యాసమున ప్రతిపాదించెను. 2001లో నెల్సన్ కోవన్ దానిని ఇంకను తగ్గించి, నాలుగు ముద్దలకు మించి నిలువవని వాదించెను. ఇచట 'ముద్ద' యనుటలోనే రహస్య మున్నది. విడిగా నున్న అంకె యొక ముద్ద. తెలిసిన మాట యొక ముద్ద. పొందికగల పదబంధమంతయు కూడ ఒక్క ముద్దయే. "మా ఊరి చెరువు నిండినదని కబురు రాగానే మామ నాగలి దించి బండి కట్టించెను" అను వాక్యమున 11 మాటలున్నవి. తెలుగు బిడ్డ దీనిని ఒక్కసారి విని తడబడక అప్పగించును. ఈ మాటలనే "దించి కబురు మా బండి నిండినదని మామ రాగానే ఊరి కట్టించెను నాగలి చెరువు" అని చెదరగొట్టి వినిపించినచో ఐదారింటికి మించి నిలుచుట కష్టము. చెవి యదే, బిడ్డ యదే, మాటలును అవే. తొలిసారి వాక్యమును మోసినది వట్టి జ్ఞాపకశక్తి కాదు. ఆ బిడ్డకు వచ్చిన తెలుగు.

పరీక్షాకర్తలు పట్టుకొన్న సూత్ర మిదియే. పరభాషలోని వాక్యమును విని తిరిగి పలుకగలుగుట ఆ భాషయొక్క నిర్మాణము లోపల నెలకొన్నదనుటకు గురుతు. నిర్మాణము తెలియనివానికి 12 మాటల ఆంగ్లవాక్యము 12 విడిగింజలు. తెలిసినవానికి మూడు నాలుగు గుత్తులు. 1967లో జాక్వెలిన్ శాక్స్ జరిపిన ప్రయోగము మరియొక సంగతిని తేటపరచినది. ఒక కథాభాగమును వినిపించి, కొంత దూరము సాగిన పిమ్మట, ముందు వచ్చిన వాక్యమునే మాటలు మార్చియో, అర్థము మార్చియో మరల వినిపించగా, అర్థపు మార్పును శ్రోతలు వెంటనే పట్టిరి. మాటల మార్పును పట్టలేకపోయిరి. అనగా మనస్సు వాక్యమును చదివి, అందలి విషయమును లోపల పెట్టుకొని, మాటలను విడిచిపెట్టుచున్నది. కావున చదివినదానిని తిరిగి వ్రాయుట యనునది దాచినదానిని వెలికి తీయుట మాత్రమే కాదు. నిలిచిన విషయమునుండి వాక్యములను మరల కట్టుట. పునర్నిర్మాణమను పేరు ఆ భాగమునకు తగియే యున్నది.

మన దేశమున ధారణ మూడు తెరగులుగా నెగడినది. వాటిని వేరుచేసి చూడనిదే ఈ పరీక్ష యెచట నిలుచునో తెలియదు.

మొదటిది వేదపాఠము. పదము, క్రమము, జట, ఘన మను పాఠములలో మాటలను ముందు వెనుకలుగా త్రిప్పి త్రిప్పి వల్లించుట యందలి ఉద్దేశము పాఠమునకు అక్షరమాత్రమైనను చేటు రాకుండ కాపాడుట. అర్థజ్ఞానము మంచిదే యైనను, పాఠరక్షణము దానిపై ఆధారపడి యుండలేదు. శబ్దమే యచట ధనము. ఆ విద్యకు ఆ పని తగినది. దానిని నిందించుట తెలివితక్కువ.

రెండవది వీధిబడి చదువు. దీనికి బళ్ళారి మండలమునుండి గొప్ప సాక్ష్యము దొరకుచున్నది. నేటి అనంతపురము ప్రాంతము సైతము నాడు బళ్ళారిలోనే చేరియుండెను. అచట కలెక్టరుగా నుండిన ఎ. డి. కేంబెల్ 1823లో మద్రాసు ప్రభుత్వమునకు ఆ జిల్లాలోని దేశీయ విద్యను గూర్చి నివేదిక పంపెను. 533 బడులు, అందు 6,641 మంది విద్యార్థులు. బడులలో కన్నడము చెప్పునవి 235, తెలుగు చెప్పునవి 226; తక్కినవి మరాఠీ, పారసీ, సంస్కృతము మున్నగు భాషలవి. ఇంచుమించు సరిసమానముగా రెండు భాషలు ఒకే జిల్లాలో చదువబడుచుండెనను సంగతి, నేడు కర్ణాటకమున నివసించు తెలుగువారు మరువరాని విషయము. ఇసుకలో వ్రాత నేర్పుటను, పెద్ద తరగతి పిల్లలు చిన్నవారికి పాఠము చెప్పుటను కేంబెల్ మెచ్చుకొనెను. ఆ పద్ధతి ఇంగ్లండులో అనుకరింపబడినదనియు చెప్పెను. కాని యతనికి కనబడిన పెద్దలోప మొకటి కలదు. పిల్లలు చదువు గ్రంథములు పద్యకావ్యములు. వాటి భాష వాడుకభాషకు దూరము. అందుచే పిల్లవాడు గడగడ చదువును, వల్లించును, అర్థమును మాత్రము ఎరుగడు. ఇట్లు వ్రాసినవాడు భాష తెలియని దొర కాడు. 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించి, పిమ్మట నిఘంటువును కూర్చినవాడు. ఆతని విమర్శలో పాలకుని అధికారపు నీడ కొంత యున్నను, చెప్పిన మాట తేలికగా త్రోసివేయదగినది కాదు. వేదపాఠమునకు తగిన పద్ధతి, భాష నేర్వవలసిన పిల్లవానిపై పడినది. శబ్దము నిలిచినది, భాష నిలువలేదు.

మూడవది అవధానము. దీనిని జ్ఞాపకశక్తి ప్రదర్శన మనుకొనుట సామాన్యుల అలవాటు. అష్టావధానమున పృచ్ఛకులు కోరిన పద్యములను అవధాని ఒక్కొక్క ఆవృత్తమునకు ఒక్కొక్క పాదము చొప్పున చెప్పుచు పోవును. నడుమ అప్రస్తుత ప్రసంగి అడ్డు తగులుచుండును, గంట మ్రోగుచుండును. నాలుగావృత్తములు ముగిసిన పిమ్మట అన్ని పద్యములను ఒక్క పెట్టున అప్పగించుట ధారణ. తిరుపతి వేంకటకవులు ఊరూర చూపి ప్రజాదరము గడించిన విద్య యిది. ఇందు నిలుచునది ఇతరులు అప్పగించిన పాఠము కాదు. తాను కట్టిన పద్యము. గణము, యతి, ప్రాస అను మూడు కట్లు దానిని పట్టియుంచును. ఒక మాట జారినను యతిస్థానము ఆ మాట యే యక్షరముతో మొదలు కావలెనో చెప్పును. గణము దాని కొలత చెప్పును. అర్థము తక్కినది చెప్పును. వ్యస్తాక్షరియందు ఈ గుణము ఇంకను స్పష్టము. ఒక వాక్యములోని అక్షరములను వరుస తప్పించి, ఫలానా స్థానమున ఫలానా అక్షరమని నడుమ నడుమ అందించుచుందురు. కొన్ని స్థానములు నిండగానే నేర్పుగల అవధాని తక్కిన వాక్యము నూహింప మొదలిడును. భాషమీద పట్టు లేనివానికి ఆ యూహ పుట్టదు.

పైని చెప్పిన పరీక్షాంశములు ఈ మూడవ జాతికి చెందినవి. వాటికై జరుగుచున్న అభ్యాసము మాత్రము రెండవ జాతిది. తగవంతయు ఇచటనే యున్నది.

పరీక్షాభ్యాస కేంద్రములలో సాధారణముగా జరుగు పని రెండు విధములు. పరీక్ష వ్రాసి వచ్చినవారు జ్ఞప్తియందుంచుకొని చెప్పిన వాక్యములును గద్యఖండములును సంపుటములుగా కూర్చబడును. ఈ నెలలో ఇవి తప్పక వచ్చునని వాటికి ప్రచారము. విద్యార్థి వందలకొలది వాక్యములను అర్థముతో నిమిత్తము లేక చెవిలో పోసికొనును. పరీక్షలో వానిలో నొకటి తగిలినచో ఆనందము. తగులనిచో చేతులు కట్టుకొని కూర్చుండుట. 1823నాటి బళ్ళారి పిల్లవాడు కనీసము మంచి కావ్యమునైనను వల్లించెను. నేటివాడు వల్లించునది గ్రంథాలయము ఏ వేళకు మూయబడునో, పాఠ్యక్రమము ఏ నెలలో మారునో చెప్పు పొడివాక్యములు.

రెండవది చట్రము. ఉపన్యాససారము చెప్పుటకు ఒక అచ్చు పోసి యిత్తురు. ఈ ప్రసంగము ఫలానా విషయమును గూర్చినది; వక్త మొదట ఫలానాదానిని, పిమ్మట ఫలానాదానిని ప్రస్తావించెను; మొత్తముమీద ఇది మిక్కిలి ఉపయుక్తము – అని వాక్యములు ముందే సిద్ధము. విన్న నామవాచకములను ఖాళీలలో వేసికొనుటయే తరువాయి. 40 సెకండ్ల కాలములో ఈ యచ్చుమాటలే సగము తినివేయును. అది చిన్న దోషము. పెద్ద దోష మేమనగా, చట్రము నామవాచకములను నిలుపును గాని వాటి సంబంధములను నిలుపదు. "వానలు వెనుకబడుట వలన విత్తనము ఆలస్యమైనను, పంట దిగుబడి తగ్గలేదు" అని వక్త చెప్పినాడనుకొందము. చట్రపు విద్యార్థి వానలు, విత్తనము, పంట, దిగుబడి అను నాలుగింటిని చక్కగా పేర్కొనును. 'వలన', 'ఐనను', 'లేదు' అను మూడును జారిపోవును. ఆ మూడు మాటలలోనే వక్త చెప్పినదంతయు నున్నది. వానలు వెనుకబడినవి, దిగుబడి తగ్గినది అని విపరీతార్థము చెప్పి, మంచి ఉచ్చారణతో ముగించి, బాగుగా చెప్పితినని లేచివచ్చు విద్యార్థులు అరుదు కారు. 2025 ఆగస్టు మార్పులతో పీటీఈలో కొన్ని యంశములకు యంత్రముతో పాటు మానవ పరిశీలనము సైతము చేర్చబడినది. చట్రముల వ్యాప్తి అంతదూరము పోయినది కాబోలు.

ఐనచో మంచి అభ్యాస మెట్టిది? దీనికి సమాధానము చెప్పు ప్రయోగ మొకటి, చిత్రముగా, ఆంగ్ల పరీక్షాభ్యాస గ్రంథమునుండియే పుట్టినది. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే అను ఇరువురు అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరపు వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున విద్యార్థులపై పరిశోధన జరిపిరి. టోఫెల్ పరీక్షకై వెలువడిన అభ్యాసపుస్తకమునుండి రెండు గద్యఖండములను – సూర్యుని గూర్చి యొకటి, సముద్రపు నీటికుక్కలను గూర్చి యొకటి – తీసికొనిరి. ఒక్కొక్కదానిని 30 విషయాంశములుగా విభజించుకొనిరి. విద్యార్థులు ఒక ఖండమును రెండుమారులు చదివిరి. మరియొకదానిని ఒకమారు చదివి, పిమ్మట పుస్తకము లేకుండ జ్ఞాపకమున్నంత వ్రాసిరి. 5 నిమిషముల తరువాత పరీక్షింపగా, రెండుసార్లు చదివిన దానిలో నూటికి 81 పాళ్ళు, చదివి వ్రాసిన దానిలో 75 పాళ్ళు జ్ఞప్తియందున్నవి. రెండు దినముల పిమ్మట తారుమారైనది: చదివినదానిలో 54, వ్రాసినదానిలో 68. వారము పిమ్మట 42, 56. అంతేకాదు; వారు జరిపిన రెండవ ప్రయోగమున, పదేపదే చదివిన విద్యార్థులే తమకు బాగుగా గుర్తుండునని ధీమాగా నుండిరి.

ఈ చివరి సంగతి ఉపాధ్యాయులు మరల మరల తలచుకొనదగినది. చదువుచున్నప్పుడు పాఠము తేలికగా సాగుట చూచి, వచ్చినదని విద్యార్థి నమ్మును. పుస్తకము మూసిన దాక రాలేదని తెలియదు. మన పెద్దలు పిల్లవానిని పుస్తకము మూసి చెప్పుమని యడుగుట ఈ కారణమున మంచి అలవాటే. మాటకు మాట రావలెనని పట్టుపట్టుటలోనే చిక్కు వచ్చినది.

కావున అభ్యాసము ఇట్లుండుట మేలు. గద్యఖండమును 30 సెకండ్లు చదివి మూయవలెను. తోడనే వ్రాయక, విషయమేమో తల్లిభాషలో ఒక్క వాక్యమున చెప్పుకొనవలెను. అట్లు చెప్పుకొనలేనివానికి ఆంగ్లమున ఎంత వ్రాసినను ఫలము లేదు. పరీక్షాశాలలో దీనికి వ్యవధి చాలదని యాక్షేపింపవచ్చును. నిజమే, ఇది నేర్చుకొనువేళ చేయు పని. నెల రెండు నెలలలో ఆ తెలుగువాక్యము తనంతట తాను మనసులో మెరసి, నోటికి రాకయే తన పని చేసిపోవును. పిమ్మట ఆంగ్లమున వ్రాసి, మూలముతో పోల్చి చూడవలెను. పోల్చుట యను ఈ మెట్టునే అందరు దాటవేయుచున్నారు. ఎన్ని మార్కులు వచ్చినవో చూచి మరియొక ఖండమునకు పోవుదురు. ఏ మాట జారినది, ఏల జారినది అని విచారించుట లేదు.

తెలుగువారు జారవిడుచు మాటలు కాకతాళీయముగా జారునవి కావు. "స్టూడెంట్స్ మస్ట్ రిటర్న్ ఆల్ బారోడ్ బుక్స్ బిఫోర్ ది ఎగ్జామినేషన్స్ బిగిన్" అను వాక్యము ఉక్తలేఖనమునకు వచ్చినదనుకొందము. పది మాటలు. ఒక తెలుగు విద్యార్థి దీనిని "స్టూడెంట్ మస్ట్ రిటర్న్ ఆల్ బారో బుక్ బిఫోర్ ఎగ్జామినేషన్ బిగిన్" అని వ్రాయును. విషయమంతయు తెలిసినది. కాని పీటీఈలో సరియైన మాట కొక మార్కు చొప్పున లెక్క. పదింట ఐదు పోయినవి. పోయినవానిలో నాలుగింటికి కారణము పదాంతమునందలి హల్లు. ఐదవది 'ది' అను మాట. తెలుగు అజంతభాష. మాట అచ్చుతో ముగియుట మన చెవికి స్వభావము. పరభాషనుండి వచ్చిన మాటకు సైతము అచ్చు చేర్చి కారు, బస్సు, రోడ్డు, బుక్కు అని పలుకుదుము. పదము చివర నిలిచిన 'స్', 'డ్' ధ్వనులు మన చెవికి సోకియు సోకనట్లుండును. ఇక 'ది', 'ఏ' వంటివి మన భాషలో లేనే లేవు. లేనిదానిని మనసు దాచుకొనదు.

దీనికి మందు వాక్యమును మరి నూరుసార్లు వినుట కాదు. 'ఆల్' అను మాట వెంట లెక్కింపదగిన వస్తువు వచ్చినచో బహువచనము కావలెనని యెరిగినవాడు, చెవికి వినబడకున్నను 'స్' చేర్చును. యతిస్థానమును బట్టి అవధాని జారిన మాటను తెచ్చుకొనుటయు ఇదియు ఒక్కటే. వ్యాకరణ మిచట ఛందస్సు పని చేయుచున్నది. వ్యాకరణము చెప్పనక్కరలేదు, వినికిడి చాలునను నేటి వాదము ఈ చోట వీగిపోవుచున్నది.

వాక్యక్రమమునందలి చిక్కు ఇంకను లోతైనది. "తన తండ్రి కొన్న పొలమును అమ్మిన రైతు పట్టణమునకు వచ్చెను" అని తెలుగు. విశేషణములన్నియు ముందు నడచును; రైతు వచ్చును; వెంటనే క్రియ. ఆంగ్లమున "ది ఫార్మర్ హూ సోల్డ్ ది లాండ్ హిజ్ ఫాదర్ బాట్ కేమ్ టు ది టౌన్" అని యగును. రైతు మొదటనే నిలిచి, తన క్రియకై చివరిదాక కాచుకొని యుండును. నడుమ 'బాట్ కేమ్' అని రెండు క్రియలు ఒరసికొనును. తెలుగు విద్యార్థి తిరిగి చెప్పునపుడు సరిగా ఆ యతుకుకడ వాక్యమును విరుచును. తండ్రి పట్టణమునకు వచ్చెననియో, పొలము వచ్చెననియో ముగించును. రెండు భాషల వాక్యములను ప్రక్కప్రక్కన వ్రాసి, కర్తనుండి క్రియకు గీత గీచి చూపిన ఉపాధ్యాయుడు ఐదు నిమిషములలో తొలగింపగల చిక్కు ఇది. తెలుగు తెలియని బోధకునకు ఇది కనబడనే కనబడదు.

ఇంత చెప్పినంత మాత్రమున ఈ పరీక్షలు నిర్దుష్టములని యనుట కాదు. 90 సెకండ్లలో తిరిగి వ్రాయవలసి వచ్చినపుడు పరీక్షింపబడునది భాష ఎంతయో, మీటలపై వ్రేళ్ళ వేగమెంతయో తెలియుట కష్టము. గ్రామప్రాంతపు పాఠశాలలో మీటలు చూడక పెరిగిన పిల్లవాడు విషయము తెలిసియు సగము వాక్యముకడ ఆగిపోవును. మెల్లగా చదివి లోతుగా గ్రహించు స్వభావముగలవారికి 30 సెకండ్లు అన్యాయము. అంతకు మించినది మరియొకటి కలదు. 1932లో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అను కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు, ఉత్తర అమెరికా ఆదివాసుల కథ నొకదానిని ఆంగ్లేయులచే చదివించి, వ్యవధి నిచ్చి, తిరిగి చెప్పించిన ప్రయోగమును ప్రకటించెను. చెప్పినవారు తమకు తెలియనిదానిని తెలిసినదానిగా మార్చివేసిరి. ఆదివాసుల దొన్నెలు సామాన్యపు పడవలైనవి. సీలు జంతువుల వేట చేపలు పట్టుటయైనది. తెలిసిన లోకమునకు చెందిన కథయే సరిగా నిలుచునని దీనివలన తేలుచున్నది. విశ్వవిద్యాలయపు వసతిగృహము, ఉద్యోగసంఘపు సమావేశము, బీమా పత్రము – వీటిని గూర్చిన ఖండము వీటి నడుమ పెరిగినవానికి తేలిక. హోసూరు ప్రక్క పల్లెలోని పిల్లవానికి బరువు. ఆ బరువు భాషలోపముగా లెక్కింపబడుచున్నది. దీనికి పరీక్షార్థి చేయగలిగినది, నానావిషయములను గూర్చి విరివిగా చదువుకొనుట యొక్కటే. అది మూడు వారముల శిక్షణలో ముగియు పని కాదు.

ఇక ఈ విషయము తెలుగునాటి వెలుపలి తెలుగు పాఠశాలలకు ఏల ముఖ్యమో చూడవలెను. రాజ్యాంగమున 1956లో చేరిన 350ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పు సౌకర్యము కల్పింపుమని రాష్ట్రములను కోరుచున్నది. ఆచరణము వేరు త్రోవ పట్టినది. తమిళనాట 2006నాటి చట్టముచే, 2006–07లో ఒకటవ తరగతితో ఆరంభించి, ఏటేట మెట్టెక్కి, 2015–16 నాటికి పదవ తరగతి వరకు తమిళము తప్పనిసరి పాఠ్యమైనది. రాష్ట్రభాషను నేర్చుట యే రాష్ట్రముననైనను అచటి ప్రజలందరకు ధర్మమే. కాని పిల్లవాని దినమునకు గంటలు పెరుగవు. రాష్ట్రభాష తప్పదు, ఆంగ్లము విడువరాదు. కావున తెలుగును మానిపింతుమని తండ్రులు తలచుచున్నారు. విదేశపు పరీక్ష కావలసినవానికి తెలుగు గంట వ్యర్థమనుట వారి లెక్క.

ఆ లెక్క తప్పు. 1979లో జిమ్ కమ్మిన్స్ అను విద్యాశాస్త్రజ్ఞుడు, మొదటి భాషలో పండిన పఠనశక్తి రెండవ భాషకు ఆధారమగునని ప్రతిపాదించెను. అప్పటినుండి ద్విభాషా విద్యను గూర్చిన చర్చలో ఆ ప్రతిపాదనము నడచుచునే యున్నది. ముఖ్యాంశమును గుర్తించుట, కారణమును కార్యముతో ముడివేయుట, జారినదానిని పొందికను బట్టి పూరించుట – ఇవి ఏ యొక్క భాషకును సొంతములు కావు. ఒక భాషలో వచ్చినచో రెండవదానిలో మాటలు, కట్టడము నేర్చిన చాలును. ఏ భాషలోను రానివానికి రెండింటను మొదటినుండి పని. తెలుగులో పది పంక్తులు చదివి మూసి చెప్పలేని పిల్లవాడు ఆంగ్లమున చెప్పునని ఆశించుట, గట్టు వేయక చెరువు నింపుట వంటిది.

పర్లాకిమిడి – నేటి ఒడిశాలోనిది – యందు 1880 మొదలు మూడు దశాబ్దములు ఉపాధ్యాయుడై యుండిన గిడుగు రామమూర్తి పంతులు, పిల్లవానికి తెలిసిన భాషలోనే చదువును వ్రాతయు సాగవలెనని వాదించెను. ఆయన వాదమును వాడుకభాష, గ్రంథభాషల కలహముగా మాత్రమే చూచుట పరిపాటి. దాని అడుగున నున్నది పఠనమును గూర్చిన సిద్ధాంతమే: అర్థము కానిదానిని చదువుట చదువు కాదు. కేంబెల్ బళ్ళారిలో చూచిన దోషమునే గిడుగువారు దాదాపు నూరేండ్ల తరువాత మన్యపు అంచున ఎదిరించిరి. ఇంతటివానిని గూర్చి గ్రాంథికమున వ్రాయుట ఆయనకు రుచింపదు. ఐనను మాట సత్యము.

పాఠశాలలలో జరుగదగిన పని చిన్నదే. ప్రతి తెలుగు గంటలోను పది నిమిషములు, వాచకములోని యొక గద్యభాగమును చదివించి, మూయించి, స్వంతమాటలలో చెప్పించవచ్చును. కంఠస్థము కావలసిన పద్యమును కంఠస్థమే చేయింపవలెను; గద్యమును మాత్రము మాటకు మాట యడుగరాదు. చెప్పినవాని వెంట మరియొక పిల్లవానిచే, ఏమి విడిచినాడో, ఏమి మార్చినాడో చెప్పించిన, పోల్చిచూచు నలవాటు పాతుకొనును. ఆరవ తరగతి మొదలు ఆ గద్యముననే రెండు వాక్యములను ఆంగ్లమున వ్రాయించి, కర్త క్రియలకు గీత గీయింపవచ్చును. తెలుగు, ఆంగ్ల ఉపాధ్యాయు లిరువురు వారమునకొక పర్యాయము కూర్చుండిన ఇది సాగును. పెక్కుచోట్ల వారిరువురు ఒకే గదిలో కూర్చుండి, ఒకరి పాఠము నొకరు ఎరుగక యున్నారు.

ఉక్తలేఖనము సంగతి వేరుగ చెప్పవలసి యున్నది. ఒకనాడు ప్రతి తెలుగు బడిలోను ప్రాతఃకాలపు తొలి పని యది. ఉపాధ్యాయుడు వాక్యమును ఒక్కసారి చదువును. పిల్లలు పలకపై వ్రాయుదురు. పలకలు మార్చుకొని దిద్దుకొందురు. ప్రాథమిక తరగతులు దాటగానే అది పసివారి పనియని అనేక పాఠశాలలలో వదలివేయబడినది. అభ్యాస కేంద్రములు నేడు దానినే, చెవులకు యంత్రము తగిలించి, వారములకొక రుసుము చొప్పున పెద్దవారిచే చేయించుచున్నవి; పలకలు మార్చుకొని దిద్దుకొనుట మాత్రము అచట లేదు.